దించేసి వెళ్లిపోకండి

వేసవిలో శని, ఆదివారాలు వచ్చాయంటే హవాయి దీవుల తీరాన పడవ పందేలు మొదలవుతాయి. ఆరుగురు వరసగా కూర్చుని తెడ్లు వేసే సన్నటి, పొడుగాటి పడవలవి. బోల్తా పడకుండా ఎడమ పక్కకి రెండు కర్రలు చాచి, వాటి చివర ఒక తేలుదుంగ కడతారు. కోవా అనే అక్కడి చెట్టు మానుని తొలిచి చేసిన పడవ 180 కిలోలకు తగ్గకూడదని పందేల నియమం. దాన్ని నీళ్లలోకి దించాలన్నా, ఒడ్డుకి చేర్చాలన్నా ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. 1986లో హవాయి రాష్ట్రం ఈ ఆటను తన అధికారిక జట్టు క్రీడగా ప్రకటించింది. పర్యాటకుల ఫొటోల్లో కనిపించేది ఇంతవరకే.

ఒడ్డున వేసిన టెంట్ల కిందకి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. ప్రతి క్లబ్బుకీ ఒక టెంటు. ఒకే రోజు, ఒకే క్లబ్బు తరఫున పన్నెండేళ్లలోపు పిల్లలు పావుమైలు పందెంలో దిగుతారు. అక్క పద్దెనిమిదేళ్లలోపు జట్టులో, అమ్మ నలభై దాటినవాళ్ల జట్టులో, తాతయ్య అరవై దాటినవాళ్ల జట్టులో ఉండొచ్చు. తెడ్డు పట్టలేనివాళ్లు వంట చూస్తారు, మంచినీళ్లు అందిస్తారు, పడవ మోయడానికి భుజం పడతారు. పాయింట్లన్నీ క్లబ్బు ఖాతాలోకే. మనవడు గెలిచిందీ తాత గెలిచిందీ ఒకే లెక్కలో కలుస్తుంది.

మన దగ్గర పిల్లల క్లాసు వేరు, పెద్దల బతుకు వేరు. సాయంత్రం అయిదున్నరకి బండి మీద తీసుకెళ్లి గేటు దగ్గర దించుతాం, గంటాగి ఎక్కించుకొస్తాం. ఈలోపు కూరగాయలు కొనుక్కోవచ్చు, మిగిలిపోయిన ఫోన్లు మాట్లాడుకోవచ్చు. సంగీతమైనా కరాటే అయినా చదరంగమైనా ఇదే పద్ధతి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. రోజంతా చాకిరీ చేసి వచ్చిన మనిషికి చాలాసార్లు ఆ గంటే విశ్రాంతి. అయినా మీకు ఒక్క మాట చెప్పాలని ఉంది: మీరు పిల్లల్ని చేర్పించే వాటిలో కనీసం ఒక్కటైనా మీరు కూడా చేరగలిగేది అయ్యుండాలి. ఎందుకంటే, ఈ పద్ధతిలో పిల్లల్ని పెంచుకుంటున్న మనుషులు హవాయి పల్లెల్లో ఉన్నారు, వాళ్ల అనుభవం మనకి పనికొస్తుంది.

వైకీకీ హోటళ్ల హవాయి వేరు, నేను చెప్పే హవాయి వేరు. మోలోకై దీవిలో ఏడు వేల పైచిలుకు జనం ఉంటారు. దీవి మొత్తం మీద ఒక్క ట్రాఫిక్ లైటు లేదు. కౌనకాకాయ్ అనే ఊళ్లో చిన్న ఆసుపత్రి ఉంది. స్పెషలిస్టు డాక్టరు కావాలంటే చాలాసార్లు విమానమెక్కి ఓహూ దీవికి వెళ్లాల్సిందే. మావి దీవి తూర్పు కొసన ఉన్న హానాకి పోయే రోడ్డు ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఆరు వందలకు పైగా మలుపులు, యాభైకి పైగా వంతెనలు, వాటిలో చాలావాటి మీద ఒకసారికి ఒక్క బండే పడుతుంది. ఇలాంటి చోట ఆరోగ్యానికొక సంస్థ, ఆటలకొకటి, పాటలకొకటి పెట్టేంత జనమూ లేరు, డబ్బూ లేదు. ఉన్న ఒక్క సంఘమే మూడు పనులూ మోస్తుంది. అది లేమి నేర్పిన పద్ధతే. కానీ పిల్లల విషయంలో ఆ లేమే వాళ్లకి కలిసొచ్చిందని నేననుకుంటాను.

ఆరోగ్యం సంగతి ముందు చూద్దాం. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చాక బయటి రోగాలు సోకి ఒక్క శతాబ్దంలోనే అక్కడి జనం కుప్పకూలిపోయారు. 1893లో రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. మంచి భూములు చెరకు, అనాస తోటల కిందకి పోయాయి. భూమి పోయాక తిండి మారింది. దుంపలు, చేపలు, ఆకుకూరల చోట తెల్లన్నం, డబ్బా మాంసం, చక్కెర చేరాయి. ఇవాళ స్థానిక హవాయి ప్రజల్లో మధుమేహం, గుండెజబ్బులు ఆ దీవుల్లోని చాలామంది కంటే ఎక్కువ, అవి మొదలయ్యే వయసు కూడా తక్కువ. ఈ వరస మన ఇళ్లలోనూ చూస్తున్నదే కాబట్టి ఇంకా వివరించనక్కర్లేదు.

1985లో మోలోకై జనం తమ గుండెల సంగతి తామే తేల్చుకోవాలని ఒక సర్వే చేసుకున్నారు. ముందు నిలబడిన వైద్యుడు ఎమెట్ అలూలి. ఆ దీవిలోనే దశాబ్దాలపాటు వైద్యం చేసి 2022లో కన్నుమూశాడు. ఆ సర్వే నుంచే నా పూవాయి అనే సంఘం పుట్టింది. 1988లో అమెరికా ప్రభుత్వం స్థానిక హవాయి ప్రజల ఆరోగ్యం కోసం చట్టం చేసినప్పుడు, దీవుల్లో ఆ పని చూసే అయిదు సంస్థల్లో నా పూవాయి ఒకటైంది. తమ జబ్బుని ఎవరో వచ్చి లెక్కపెట్టి పట్టుకుపోవడానికీ, తామే లెక్కపెట్టుకుని కూర్చుని మాట్లాడుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఓహూ దీవి పడమటి తీరాన వయనయి అనే చోట 1972 నుంచి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది. 1989లో డాక్టర్ టెర్రీ షింటానీ అక్కడ ఒక ప్రయోగం చేశాడు. ఇరవై మంది, ఇరవై ఒక్క రోజులు, పూర్వీకుల తిండి: చామదుంప, చిలగడదుంప, ఆకుకూరలు, పళ్లు, కొద్దిగా చేప, కోడిమాంసం. కడుపునిండా ఎంతైనా తినొచ్చు. మూడు వారాల్లో సగటున మనిషికి 7.8 కిలోల బరువు తగ్గింది, కొలెస్టరాల్ కూడా దిగింది. అంకెల కన్నా నాకు విలువైనదిగా తోచింది వేరే ఉంది. పొద్దునా సాయంత్రమూ ఆ ఇరవై మందీ ఒకచోట చేరి తినేవాళ్లు. తింటూ ఆ తిండి ఎక్కడిదో, తాతముత్తాతలు దాన్ని ఎలా పండించారో మాట్లాడుకునేవాళ్లు.

అందుకే మొదటి సలహా ఇది. మీ అబ్బాయి లావవుతున్నాడని డాక్టరు చెబితే, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పకండి. అతని కంచంలో ఒకటి, మీ కంచంలో ఇంకొకటి ఉంటే ఏ పిల్లాడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఇంటికంతటికీ ఒకే వంట పెట్టండి. వీలైతే ఇంకో రెండు కుటుంబాల్ని కలుపుకుని వారానికొక పూట కలిసి తినండి. 'డైట్' అనే మాట పిల్లల ముందు అనకపోతే ఇంకా మంచిది.

నాట్యం సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. హూలా అంటే మనకి సినిమాల్లో ఆకుల లంగాలు కట్టుకుని నడుము తిప్పే పడుచులే గుర్తొస్తారు. హవాయి పల్లెల్లో అది గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకునే విద్య. వంశావళులు, కొండల పేర్లు, గాలుల పేర్లు, వానల పేర్లు అన్నీ ఆ పాటల్లోనే ఉంటాయి. సంప్రదాయం పట్టించుకునే నాట్యశాలల్లో శిష్యులు గుమ్మం బయట నిలబడి, లోపలికి రానిమ్మని పాటలోనే అడుగుతారు. గురువు పాటలోనే బదులిచ్చేదాకా అడుగు లోపల పెట్టరు. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన కేయావే కహోలోకులా అనే పరిశోధకుడి బృందం, రక్తపోటు అదుపులో లేని స్థానిక హవాయి ప్రజల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి ఆరోగ్య పాఠాలు చెప్పి ఊరుకున్నారు. రెండో జట్టుకి ఆ పాఠాలతో పాటు మొదటి మూడు నెలలు వారానికి రెండు గంటలు హూలా నేర్పించారు. ఆరు నెలలకి మొదటి జట్టులో పై రక్తపోటు సగటున 12 పాయింట్ల దాకా తగ్గితే, హూలా జట్టులో 15 పాయింట్లు తగ్గింది. 2021లో వచ్చిన ఫలితాలివి. తేడా మరీ పెద్దదేం కాదని మీరనొచ్చు. పాఠం విన్న మనిషి ఇంటికెళ్లి మర్చిపోతాడు, నాట్యం నేర్చుకునేవాడు వచ్చే వారం మళ్లీ వస్తాడు. అదీ నా లెక్క.

ఇక్కడ కూచిపూడికో భరతనాట్యానికో పంపిస్తున్న తల్లులకి ఒక మాట. హూలా బృందాల్లో పిల్ల వేదిక ఎక్కే రోజుకి ముందు ఇంటిల్లిపాదికీ పని పడుతుంది. దండలకి ఆకులు, పూలు కోసుకురావాలి, అల్లాలి, బట్టలు కుట్టాలి. అడవికెళ్లి ఆకు కొయ్యడానికీ పద్ధతులున్నాయి: ఎంత కొయ్యాలో, ఎంత వదలాలో గురువు చెబుతారు. మన దగ్గర అరంగేట్రం అనగానే హాలు బుకింగు, క్యాటరింగు, ఫొటోగ్రాఫరు గుర్తొస్తాయి, పనంతా డబ్బు చేసి పెడుతుంది. డబ్బు చేసిన పని పిల్లల కంటికి ఆనదు. గజ్జెల తోలుపట్టీ మీరే కుట్టండి, సరిగా రాకపోయినా ఫరవాలేదు. 'ఎప్పుడు స్టేజీ ఎక్కిస్తారు?' అని గురువుగారిని అడగడం కూడా మానేస్తే మంచిది. ఆ ప్రశ్న వింటూ పెరిగిన పిల్లకి స్టేజీ తప్ప మిగతా రోజులన్నీ వృథాగా కనిపిస్తాయి.

భాష విషయంలో హవాయివాళ్లు పడ్డ కష్టం చదివితే విదేశాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులు కాసేపు ఆగుతారు. 1896లో వచ్చిన చట్టం బడుల్లో ఇంగ్లిషునే బోధనాభాషగా చేసింది. రెండు మూడు తరాలకి హవాయి భాష ఇళ్లలోంచి కూడా జారిపోయింది. 1980ల మొదట్లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు యాభై మంది కూడా లేరని అంచనా. అప్పుడు కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి 1983లో పూనానా లేయో అనే సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది కవాయి దీవిలో కెకాహా అనే ఊళ్లో మొదటి శిశుబడి తెరిచారు. గుమ్మం దాటి లోపలికి వస్తే హవాయి భాష తప్ప ఇంకోటి వినపడకూడదు. కెకాహానే ఎంచుకోవడానికీ కారణం ఉంది. పక్కనున్న చిన్న దీవి నిహావు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడున్నాయి, వాళ్ల ఇళ్లలో ఆ భాష ఎన్నడూ ఆగలేదు. 1987 నాటికి ప్రభుత్వ బడుల్లోనూ హవాయి మాధ్యమం మొదలైంది.

ఆ బడిలో పిల్లని చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రులకి ఒక షరతు పెడతారు. వాళ్లు కూడా భాషా తరగతులకి రావాలి, నెలకి ఇన్ని గంటలని బడిలో పని చెయ్యాలి. ఊడవడం, వండటం, పలకలు తుడవడం, ఏదైనా సరే. చాలామందికి అది తమకే రాని భాష. నాలుగేళ్ల కూతురు తమకంటే బాగా మాట్లాడుతుంటే పక్కనే కూర్చుని నేర్చుకోవాలి. ఆ ఇబ్బందిని భరించినవాళ్ల వల్లనే భాష బతికింది.

మన వైపు 2007లో అమెరికాలో సిలికానాంధ్ర అనే సంస్థ మొదలుపెట్టిన మనబడి ఉంది. స్వచ్ఛందంగా పనిచేసే గురువుల మీదే అది నడుస్తోంది. అలాంటి తెలుగు బడులు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. వారాంతంలో పిల్లల్ని అక్కడ దించి కారులోనే ల్యాప్‌టాప్ తెరిచే నాన్నలకి నా విన్నపం: లోపలికెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. 'నాకు తెలుగొచ్చు కదా, ఇంకేం' అనుకోవద్దు. ఒత్తులు మీరూ మర్చిపోయుంటారు. తప్పు రాసి కూతురి చేత దిద్దించుకోండి. ఆ పిల్ల దానికోసమైనా వచ్చే వారం బడికి వస్తుంది. ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్పించాలనుకుంటే, పిల్లలు దాన్ని హోంవర్కు కిందే జమకడతారు. హైదరాబాదు, విజయవాడల్లో ఉన్నవాళ్లూ ఈ మాట తమకి కాదనుకోనక్కర్లేదు.

పనికొచ్చే పని పిల్లల చేతికివ్వడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం బాగా వెనకబడ్డది అక్కడే.

కవాయి దీవి ఉత్తరాన హనలేయి దగ్గర వాయిపా అనే లోయ ఉంది. 1980ల్లో ఆ లోయలో ఖరీదైన కట్టడాలు రాబోతున్నాయని తెలిసి అక్కడి రైతులు, కుటుంబాలు అడ్డుపడ్డారు. కొండ నుంచి సముద్రం దాకా దాదాపు పదహారు వందల ఎకరాల ఆ లోయని దాని యజమాని సంస్థ నుంచి కౌలుకి తీసుకుని చామ మళ్లు వేశారు. అవును, మన చామదుంపే, తెలంగాణలో చామగడ్డ అంటాం. వాళ్లు దాన్ని కలో అంటారు. హవాయి పురాణం ప్రకారం చామమొక్క మనిషికి అన్నయ్య. ముందు పుట్టిన బిడ్డ మొక్కగా మొలిచాడు, తర్వాత పుట్టినవాడు మనిషయ్యాడు. దుంపని ఉడికించి, చెక్కు తీసి, దంచి, నీళ్లు కలిపితే పోయి అనే ముద్ద అవుతుంది. రెండు రోజులుంచితే పులుస్తుంది, ఆ పులుపంటే చాలామందికి ప్రాణం. పసిపిల్లలకి మొదట పెట్టే తిండీ, ముసలివాళ్లు చివరిదాకా తినే తిండీ అదే.

వాయిపాలో ప్రతి గురువారం పోయి తయారీ. తెల్లారకముందే దుంపలు ఉడుకుతాయి. ఊళ్లోవాళ్లు, బామ్మలు, బడిపిల్లలు, దారిన పోయేవాళ్లు కూడా పొడవాటి బల్లల చుట్టూ చేరి చెక్కు గీకుతారు, కళ్లు తీస్తారు, ముక్కలు కోస్తారు. తయారైంది తక్కువ ధరకి ఊరి కుటుంబాలకీ, ముసలివాళ్లకీ చేరుతుంది. ఏడేళ్ల పిల్ల గీకిన దుంప ఆ సాయంత్రం ఎవరో తాతగారి కంచంలో ఉంటుంది. సరిగా గీకకపోతే చెక్కు తినేటప్పుడు నోటికి తగులుతుందని చామదుంప తిన్న మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి పిల్ల పని బాగా చేసిందా లేదా అన్నది నిజంగానే ముఖ్యం. 'భలే చేశావమ్మా' అని ఊరికే మెచ్చుకోవడానికి అక్కడ అవకాశం తక్కువ. పక్కనున్న బామ్మ దుంప తీసి చూసి మళ్లీ గీకమంటుంది.

హానాలో ఇంకో అడుగు ముందుకేశారు. 2000 ప్రాంతంలో ఆ ఊరి బడిలో వడ్రంగం, ఇళ్ల నిర్మాణం నేర్పే కార్యక్రమం మొదలైంది. పేరు మా క హనా క ఇకె. హైస్కూలు పిల్లలు కొయ్య ముక్కలతో నమూనాలు చేసి మార్కులు తెచ్చుకోవడంతో సరిపెట్టుకోలేదు. ఊళ్లోని వృద్ధులకి నిజమైన చిన్న ఇళ్లు కట్టారు, ఉన్న ఇళ్లకి చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారులు వేశారు. తర్వాత తోట పెట్టారు, పని చేసినవాళ్లు కూరగాయలు పట్టుకెళ్తారు. ఎక్కడో మలుపుల రోడ్డు చివర ఉన్న ఊరికి మేస్త్రీలు రావడం కష్టం గనక పిల్లలే మేస్త్రీలయ్యారు.

మన పిల్లలకి పదిహేనేళ్లొచ్చినా వాళ్లు చేసిన ఏ పనీ ఎవరికీ నిజంగా అవసరపడదు. ప్రాజెక్టు వర్కు అట్టముక్కలతో చేస్తారు, మార్కులు పడ్డాక చెత్తబుట్టలో పడుతుంది. పైగా సగం అమ్మే చేసి పెడుతుంది. మీరు ఎంచుకునే సంఘంలో పిల్లాడి చేతికి ఏ పని ఇస్తారో చూడండి. వాడు ఆ రోజు రాకపోతే ఎవరికైనా లోటు తెలుస్తుందా? తెలిస్తే ఆ చోటు మంచిది. మీ వీధిలో గణపతి మంటపం కమిటీ ఉందనుకోండి, చందా రాయించి ఫొటో దిగి రావడం కన్నా, ప్రసాదం పంచాక గిన్నెలు తోమే చోట పిల్లల్ని, మిమ్మల్ని నిలబెట్టుకోండి. కత్తి, సుత్తి, పొయ్యి ఇవ్వడానికి భయపడతారని తెలుసు. పక్కనుండి ఇవ్వండి. చిన్న గాట్లు పడతాయి, కట్టు కడితే తగ్గుతాయి.

పడవల దగ్గర కూడా ఇదే వరస. చాలా క్లబ్బుల్లో కొత్తవాళ్లకి ముందు నేర్పేది పడవ తలకిందులైతే ఏం చెయ్యాలన్నది. కావాలనే బోల్తా కొట్టించి, అందరూ తేలి, తలలు లెక్కపెట్టుకుని, తిరిగి పడవని నిలబెట్టి, నీళ్లు తోడి ఎక్కుతారు. ఈత రానివాళ్లని ఎక్కించరు. భద్రత అంటే దూరంగా ఉంచడమని కాకుండా, ప్రమాదాన్ని దగ్గర నుంచి పరిచయం చేయడమని వాళ్లకి తెలుసు.

ఇలా కలిసిన చేతులు కష్టకాలంలో ఏం చేస్తాయో కూడా హవాయివాళ్లు చూశారు. 2018 ఏప్రిల్‌లో వాయిపాలో ఒక్కరోజులో 1,262 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఇరవై నాలుగు గంటల వానలో అది అమెరికా దేశపు రికార్డు. మళ్లు మునిగాయి, రోడ్లు తెగాయి, ఊరివాళ్లే ఒకరికొకరు ఆసరా అయ్యారు. 2023 ఆగస్టులో మావి దీవిలో లాహైనా పట్టణం కాలిపోయినప్పుడు పార్కుల్లో, ఇళ్ల ముందర స్థానికులే సాయం శిబిరాలు తెరిచారు. ఎవరికి ఏం కావాలో, ఎవరింట్లో ముసలివాళ్లున్నారో ఇరుగుపొరుగుకి చాలావరకు ముందే తెలుసు.

ఇప్పుడు తల్లిదండ్రులందరికీ పనికొచ్చే చిన్న సంగతి. హవాయి పిల్లలు ఊళ్లో పెద్దవాళ్లందర్నీ ఆంటీ, అంకుల్ అంటారు, రక్తసంబంధం అక్కర్లేదు. మనమూ అంతే కదా, పక్కింటాయన బాబాయి, ఎదురింటావిడ అత్తయ్య. కాకపోతే వాళ్ల ఆంటీలకి పిల్లల్ని మందలించే హక్కు ఉంటుంది. మన బాబాయిలకి ఆ హక్కు ఈమధ్యే రద్దు చేశాం. మోలోకైలో మోఒమోమి అనే తీరం ఉంది. అక్కడ చేపల వేట ఎప్పుడు చెయ్యాలో, ఎప్పుడు మానాలో ఊరి సంఘమే చూసుకుంటుంది. చంద్రుడి కళల్ని బట్టి, ఏ చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో చూసి, ఆ రోజుల్లో వల వెయ్యరు. మన తిథుల లెక్క తెలిసినవాళ్లకి ఇది చదివితే ముచ్చటేస్తుంది. అక్కడ పిల్లాడు కావలసినదానికన్నా ఎక్కువ పడితే, తిరిగి వదిలెయ్యమని చెప్పేది పెద్దమనిషి ఎవరైనా కావచ్చు, నాన్నే కానక్కర్లేదు. పరాయి పెద్దల నోట 'వద్దు' అన్న మాట పిల్లలు వేరేగా వింటారు. మీ పిల్లల్ని ఒకరు న్యాయంగా మందలిస్తే వెంటనే అడ్డుపడకండి. ఇంటికొచ్చాక ఏం జరిగిందని నెమ్మదిగా అడగండి.

అలాగని కళ్లు మూసుకుని ఎవరి చేతిలోనైనా పెట్టమని కాదు. నేను దించేసి వెళ్లిపోకండి అనడానికి సగం కారణం ఇదే. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని సంఘం, పిల్లాడితో ఒక్క పెద్దమనిషే తలుపులేసుకుని కూర్చునే సంఘం ఎంత పేరున్నదైనా నాకు వద్దు. నలుగురు పెద్దలు ఎప్పుడూ కళ్ల ముందు తిరిగే చోట పిల్లలు క్షేమంగా ఉంటారు.

ఈ సంఘాలేవీ స్వర్గాలు కావు. వాలంటీర్లు అలిసిపోతారు, గ్రాంటు డబ్బు ఆగిపోతుంది, అధ్యక్షపదవికి పోట్లాటలొస్తాయి. ఖర్చులకోసం క్లబ్బులు భోజనం పొట్లాలు అమ్ముకుంటాయి. ఇళ్ల ధరలు భరించలేక, పని దొరక్క, పెరిగిన పిల్లలు అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లిపోతారు. రెండు ఉద్యోగాలు చేసే తల్లి శనివారం పడవ దగ్గరికి రాలేదు. అలాంటి తల్లి బిడ్డని వెనక సీట్లో ఎక్కించుకొచ్చేది ఇంకో తల్లి. మీకు శనివారాలు ఖాళీ లేకపోతే సిగ్గుపడకుండా ఆ సాయం అడగండి, ఖాళీ ఉంటే అడక్కముందే చెయ్యండి.

ఏ సంఘం, ఎక్కడ వెతకాలి అంటారా? పెద్దదేం అక్కర్లేదు. మన పల్లెల్లో కోలాటం, చెక్కభజన బృందాలు ఇంకా ఉన్నాయి. కొన్నిచోట్ల ఎనిమిదేళ్ల పిల్లా ఆమె నాయనమ్మా ఒకే వరసలో అడుగులేస్తారు. ఊరి గ్రంథాలయం ఉంటే వారానికొక పూట పుస్తకాలు సర్దే పని అడగండి. అపార్ట్‌మెంటులో ఉంటే మేడ మీద నాలుగు కుటుంబాలు కలిసి కూరమళ్లు వెయ్యొచ్చు. పేరు పెట్టకండి, వాట్సాప్ గ్రూపు వెంటనే తెరవకండి, ఫొటోలు ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టండి. మొదటి రోజు వెళ్లగానే ఏం నేర్పుతారని అడగకుండా, చెయ్యడానికి ఏం పని మిగిలిందని అడగండి.

ఇక పదిహేనేళ్ల అబ్బాయి రానంటాడు. రాడు, ఆ వయసు అలాంటిది. బతిమాలొద్దు, బెదిరించొద్దు, ఫోను లాక్కుంటానని బేరం పెట్టొద్దు. మీరు మాత్రం వెళ్లండి. చెమటతో, చేతులకి మట్టితో ఇంటికొచ్చి ఆకలితో అన్నం తినండి. ఎక్కడికెళ్లావని వాడే అడుగుతాడు, కొన్ని నెలలు పట్టొచ్చు. అడిగినప్పుడు జరిగింది చెప్పి ఊరుకోండి, రమ్మని ఆ రోజు మళ్లీ అడగొద్దు.